బడి మాన్పించకండి: తోటి పిలకాయలు ఏడిపిస్తున్న బాబు గురించి ఒక తల్లికి జవాబు

కావలి దగ్గర ఒక పల్లె నుంచి ఒక అమ్మ అడిగారు. బాబుకి 15 ఏళ్లు, జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్లో మేధో వైకల్యం 50 శాతం అని ఉంది. మాట వస్తుంది గానీ జరిగింది వరసగా చెప్పలేడు. రెండు నెలలుగా బడికి పోనని మొండికేస్తున్నాడు, చెయ్యి కొరుక్కుంటున్నాడు. జేబులో పెట్టిన డబ్బు సాయంత్రానికి ఉండటం లేదు. కొందరు పిలకాయలు వాడి చేత డాన్సు వేయించి, ఆ వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారని పక్కింటి అమ్మాయి చూపించింది. ఇంత జరిగినా వాళ్లనే బాబు ‘నా ఫ్రెండ్స్’ అంటున్నాడు. హెడ్మాస్టరు ‘పిల్లలన్నాక ఆటలాడతారు, స్పెషల్ స్కూల్లో వేసుకోండమ్మా’ అన్నారు. ఇంటాయన బడి మాన్పించేద్దామంటున్నారు. ఏం చేయాలి?

అమ్మా, మాన్పించకండి. ఆ పిలకాయలు మీ ఊళ్లోనే ఉంటారు. బడి మానినంత మాత్రాన సాయంత్రాలు మారవు. పైగా పగలంతా ఖాళీ. మీరు పనికి పోయినప్పుడు వాడు రోడ్డు మీద ఒంటరిగా దొరుకుతాడు. స్పెషల్ స్కూలు సంగతంటారా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. దగ్గర్లోని మామూలు బడా, ప్రత్యేక పాఠశాలా అన్న ఎంపిక మీది. ప్రత్యేక పాఠశాలలో వాడికి ఎక్కువ మేలు జరుగుతుందని మీకే తోస్తే చేర్చండి, తప్పులేదు. ఏడిపిస్తున్నారు కాబట్టి మీరే వెళ్లిపోండి అనడం మాత్రం కుదరదు.

ఏడిపించడం రోజంతా, అన్నిచోట్లా జరగదు. దానికో చోటు, ఓ వేళ ఉంటాయి. ప్రార్థనకు ముందు పది నిమిషాలు, భోజనం బెల్లు తర్వాత కుళాయిల దగ్గర, మరుగుదొడ్ల వెనక, ఆటో నిండేదాకా నిలబడే రోడ్డు పక్క. పెద్దవాళ్లెవరూ ఉండని చోట్లే ఇవన్నీ. మీరు ముందు చేయాల్సింది ఆ చోట్లేవో పట్టుకోవడం, ఆ వేళకి అక్కడ ఒక పెద్దమనిషి ఉండేలా చూడటం. బాబుకి ఏదైనా నేర్పడం ఆ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి మొదలుపెడతారు. పిల్లాడికి నెలల తరబడి ‘గట్టిగా ఉండరా’ అని చెబుతారు, కుళాయిల దగ్గర మాత్రం ఎవరూ నిలబడరు.

చోట్లు తెలియాలంటే బాబు నోటి నుంచే రావాలి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో చాలామంది పెద్దవాళ్లు ఏమడిగినా ‘ఊ’ అంటారు. ‘వాడు కొట్టాడా?’ ఊ. ‘నిన్ననేనా?’ ఊ. ‘వాళ్ల తమ్ముడు కూడా ఉన్నాడా?’ ఊ. ఆ ఊ పట్టుకుని మీరు బడికి వెళ్తే, అక్కడ ఎవరో ‘నువ్వే ముందు కొట్టావా?’ అని అడిగి ఇంకో ఊ తెప్పిస్తారు. మీ ఫిర్యాదు అక్కడితో కూలిపోతుంది. రెండు మాటలు చెప్పి ఏదని అడిగితే చివర విన్నదాన్నే తిరిగి చెప్పే పిల్లలూ ఉన్నారు. ‘ఆటోలోనా, క్లాసులోనా?’ అని అడిగితే, ఓ గంటాగి ‘క్లాసులోనా, ఆటోలోనా?’ అని వరస మార్చి అడగండి. జవాబు కూడా మారిపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ‘ఎందుకు కొట్టారు?’ అని అసలు అడగొద్దు, తప్పు తనదేనేమో అనుకుంటాడు. ‘ఆ తర్వాత?’, ‘ఇంకా?’ అన్నవి మంచి ప్రశ్నలు.

మాటల కన్నా బొమ్మ నయం. ఒక పెద్ద చార్టు తీసుకుని వాడి రోజంతా వరసగా గీయండి. ఇల్లు, ఆటో ఎక్కే చోటు, బడి గేటు, ప్రార్థన జరిగే చోటు, క్లాసు, కుళాయి, మరుగుదొడ్డి, అన్నం వడ్డించే వరస, ఆట స్థలం, బడి బయట అంగడి, తిరుగు దారి. గీతలు వంకరగా ఉన్నా పరవాలేదు, వీలైతే ఫోన్లో ఆ చోట్ల ఫొటోలు తీసి అతికించండి. బొట్టు బిళ్లల అట్టలు రెండు తెచ్చుకోండి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. బాగున్న చోట పచ్చది, బాగాలేని చోట ఎర్రది అంటించమనండి. ముందు ఆటగా, వాడికి ఇష్టమైనవీ ఇష్టం లేనివీ తిండి పదార్థాల మీద అంటించి చూపిస్తే పద్ధతి అర్థమవుతుంది. రోజుకి పది నిమిషాలు మించకుండా, నాలుగు రోజులు, ప్రతిరోజూ కొత్త చార్టు మీద చేయించండి. నాలుగు రోజుల్లో మూడు రోజులు ఎరుపు పడిన చోటే మీరు వెతుకుతున్న చోటు. అక్కడ ‘ఇక్కడ ఏమవుతుంది?’ అని ఒక్కసారి అడిగి, వాడు చెప్పింది వాడి మాటల్లోనే రాసుకోండి. మీరు సరిదిద్ది అందంగా రాస్తే దాని విలువ పోతుంది.

చెప్పలేని పిల్లల విషయంలో ఒళ్లే చెబుతుంది. ఇంటికి రాగానే పరుగున దొడ్డికి పోతున్నాడంటే బడిలో మరుగుదొడ్డికి పోవడానికి జంకుతున్నాడేమో చూడాలి. ఆదివారం రాని కడుపునొప్పి సోమవారం పొద్దున్నే రావడం, తమ్ముణ్ణో దూడనో కొత్తగా వచ్చిన బూతుమాటతో తిట్టడం, చొక్కా గుండీలు పోవడం, రాత్రి పక్క తడపడం, ఇవన్నీ తేదీతో సహా రాసుకోండి. అయితే చెయ్యి కొరుక్కోవడానికి పంటి నొప్పి, చెవి పోటు, మలబద్ధకం కూడా కారణం కావచ్చు. చెప్పుకోలేని పిల్లలు ఒంట్లో నొప్పినీ అలాగే చూపిస్తారు. కాబట్టి ఒకసారి డాక్టరుకి చూపించి అది తేల్చుకోండి. మూర్ఛ మందులు వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. బట్టలు విప్పించారని గానీ, ఒంటి మీద చేయకూడని చోట చేయి వేశారని గానీ తెలిస్తే ఇంకో ప్రశ్న అడగొద్దు. పదిమంది పదిసార్లు అడిగితే పిల్లాడు చెప్పేది మారిపోతుంది. ఆ బట్టలు ఉతకకుండా కాగితం సంచిలో పెట్టండి. 112కో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో ఫోన్ చేయండి. అది పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం కిందికి వస్తుంది. అలాంటిది తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. బడివాళ్లు ‘మనలో మనం చూసుకుందాం’ అంటే వాళ్లే నేరం చేసినట్టు. వైకల్యం ఉన్న పిల్లల వాంగ్మూలం తీసుకునేటప్పుడు ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం, లేదా బిడ్డ మాట తీరు తెలిసినవాళ్ల సాయం తీసుకునే వీలు ఆ చట్టం 26వ సెక్షన్లో ఉంది. స్టేషన్లో అది అడగండి.

ఇక వీడియో. కోపంలో అందరి చేతా దాన్ని డిలీట్ చేయించడం మొదట చేయొద్దు. ఏ పేరుతో ఉన్న ఖాతాలో ఉందో, లింకు, తేదీ, కింద ఎవరెవరు ఏమని రాశారో అన్నీ స్క్రీన్‌షాట్ తీసి, వేరే ఫోన్లోకి కూడా పంపుకుని దాచండి. తర్వాత యాప్‌లోనే రిపోర్టు చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి ఆ నంబరు రాసుకోండి. బిడ్డ ఒంటి మీద బట్టలు లేని వీడియో అయితే మాత్రం దాన్ని దాచడం, ఎవరికైనా పంపడం మీకూ నేరమే అవుతుంది. సాక్ష్యం కోసమైనా పంపొద్దు. లింకు రాసుకుని నేరుగా పోలీసులకు చూపించండి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, వేళ, చోటు, ఏం జరిగింది, ఎవరు చూశారు, బడిలో ఎవరికి చెబితే ఏమన్నారు. ఒక్కో సంఘటనకి నాలుగు లైన్లు చాలు. ‘రోజూ ఏడిపిస్తున్నారు సార్’ అంటే ఎవరూ కదలరు. ఒకే చోట, ఒకే వేళలో ఐదుసార్లు జరిగిందని తేదీలతో చూపిస్తే హెడ్మాస్టరుకి తప్పించుకునే దారి ఉండదు, నిజానికి ఆయనకీ ఏం చేయాలో తెలుస్తుంది.

బడికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర అరవొద్దు, ఆ పిలకాయల్ని మీరే పట్టుకుని దబాయించొద్దు. ఆ తర్వాత కథంతా మీ ప్రవర్తన గురించే నడుస్తుంది. కాగితం మీద రాసి ఇవ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీ, సంతకం, బడి ముద్ర వేయించుకోండి. ఇలా ఉంటే సరిపోతుంది:

‘ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారం. 9వ తరగతి చదువుతున్న మా అబ్బాయికి మేధో వైకల్యం ఉంది, సదరం సర్టిఫికెట్ నకలు జతచేశాను. ఈ కింది తేదీల్లో భోజనం తర్వాత కుళాయిల దగ్గర, సాయంత్రం ఆటో ఎక్కే చోట మా అబ్బాయిని కొట్టి, డబ్బు తీసుకుని, వీడియోలు తీశారు. వివరాలు జతచేశాను. ఆ రెండు చోట్ల, ఆ వేళల్లో ఏ ఉపాధ్యాయులు ఉంటారో నాకు తెలియజేయగలరు. మా అబ్బాయి ఏదైనా జరిగితే వెళ్లి చెప్పుకోవడానికి ఒక ఉపాధ్యాయుణ్ణి గానీ ఉపాధ్యాయినిని గానీ కేటాయించగలరు. రెండు వారాల తర్వాత ఫలానా తేదీన మరోసారి కూర్చుని మాట్లాడుకునేందుకు సమయం ఇవ్వగలరు. మా అబ్బాయి వైకల్యం గురించి నన్ను అడగకుండా తరగతిలో చెప్పవద్దని మనవి.’

ఇందులో ఎవర్నీ శిక్షించమని అడగలేదు, గమనించండి. శిక్ష అడిగితే ‘విచారణ చేస్తాం’ అంటారు, అది ఎటూ తేలదు. ఎవరు ఎక్కడ నిలబడతారు అని అడిగితే ఒక పేరు చెప్పాల్సిందే.

ఈ సమావేశానికి ఒంటరిగా వెళ్లకండి. ప్రతి మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద సహిత విద్య (అంటే దివ్యాంగ పిల్లల్ని మామూలు బడిలోనే అందరితో కలిపి చదివించడం) చూసే ప్రత్యేక ఉపాధ్యాయులు అక్కడే ఉంటారు. వాళ్లని ముందుగా కలిసి చార్టులూ నోటు పుస్తకం చూపించి, బడికి రమ్మని అడగండి. మీరు చెబితే తల్లి బాధగా వింటారు, అదే మాట వాళ్లు చెబితే పనిగా వింటారు. అన్యాయమే, కానీ పని జరగాలి కదా. అక్కడ అడగాల్సిన చిన్న ఏర్పాట్లు ఇంకొన్ని ఉన్నాయి. బెల్లుకి ఐదు నిమిషాల ముందే బాబుని మరుగుదొడ్డికి పంపడం. అన్నం వరసలో ముందు నిలబెట్టడం, పక్కన ఇద్దరు స్నేహితుల్ని ఉంచడం. క్లాసులో టీచరుకి దగ్గరగా, తలుపుకి దూరంగా కూర్చోబెట్టడం. ఆటోలో డ్రైవరుకి కనిపించే సీటు. ఆటో డ్రైవరుతో మీరే మాట్లాడండి. నెలకి డబ్బు ఇచ్చేది మీరు, ఆయన మీ మాట వింటారు.

పది రోజుల్లో కదలిక లేకపోతే అదే కాగితం నకలు మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ) గారికి, ఆ తర్వాత జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) గారికి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. పేరెంట్స్ కమిటీలో మీ మాట వినే ఒక్కరున్నా ముందే చెప్పి ఉంచండి. ఏడిపించేది టీచరే అయితే, అంటే ‘వీడికేం వస్తుందిలే’ అని అందరి ముందూ అనడం, వెక్కిరింపు పేరుతో పిలవడం, అది విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన తరహా మానసిక వేధింపు (ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు). దాన్ని నేరుగా ఎంఈఓగారికే రాసివ్వండి. క్లాసులో పిల్లలు వాడే వెక్కిరింపు పేరు ఎన్నోసార్లు టీచరు నోటి నుంచే పుడుతుంది.

మంచి మనసుతోనే చేసి విషయాన్ని పాడుచేసే పనులు కొన్ని ఉన్నాయి. ప్రార్థనలో ఆ పిలకాయల్ని నిలబెట్టి సారీ చెప్పించడం వాటిలో మొదటిది. వాళ్లకి పదిమందిలో పరువు పోతుంది, ఆ కసి గేటు బయట తీర్చుకుంటారు, ఈసారి సాక్షులు లేకుండా చూసుకుంటారు. బాబుని, వాళ్లని ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపించడం ఇంకోటి. ఇద్దరు సమానులు పోట్లాడుకుంటే అది పనికొస్తుంది, ఇక్కడ ఇద్దరూ సమానులు కారు. బాబు భయంతో నవ్వుతాడు, అందరూ రాజీ కుదిరిందనుకుంటారు. క్లాసులో బలమైన కుర్రాణ్ణి కాపలాగా పెడితే కొన్నాళ్లకి వాడే పెత్తనం చేస్తాడు. తల్లి వచ్చి రోజంతా బడిలో కూర్చుంటే ఆ రోజుకి ఆగుతుంది, మర్నాటి నుంచి ‘అమ్మకూచి’ అని కొత్త పాట మొదలవుతుంది. ఆ పిలకాయల నాన్నల్ని పిలిపించి అందరి ముందూ కడిగేస్తే, ఆ నాన్న రాత్రి ఇంట్లో వాణ్ణి బెల్టుతో బాదుతాడు. ఆ దెబ్బలు తిరిగి మీ బాబు మీదికే వస్తాయి. తల్లిదండ్రులకి చెప్పాల్సిందే, కానీ ఒక్కొక్కరికి విడిగా, ‘మీవాడు ఇలా చేస్తున్నాడు, రేపటి నుంచి ఇలా ఉండాలి, మీరు కొట్టకుండా గమనించండి’ అని.

‘నువ్వూ తిరిగి కొట్టరా’ అని మీ ఇంట్లో మగవాళ్లు చెబితే గట్టిగా ఆపండి. మీ బాబు ఆ మాట నేర్చుకుంటాడు, కానీ ఎప్పుడు, ఎవర్ని, ఎంత అన్న లెక్క నేర్చుకోడు. టీచరు చూస్తుండగా, గంట క్రితం జరిగినదానికి, పక్కనున్న అమాయకుణ్ణి కొడతాడు. ఆ రోజు నుంచి బడి దృష్టిలో సమస్య వాడే అవుతాడు. ‘పట్టించుకోవద్దు’ అన్నదీ పనికిరాదు. పట్టించుకోకపోవడం అంటే చేత్తో ఏం చేయాలో వాడికి తెలియదు.

బడివాళ్లు చేయగలిగిన గట్టి పని ఒకటుంది. గుంపు ఎప్పుడూ ఒకేలా ఉండదు. మొదలుపెట్టేది ఒకరో ఇద్దరో, నలుగురైదుగురు నవ్వుతారు, మిగతావాళ్లు చూస్తూ నిలబడతారు. నవ్వేవాళ్లు తప్పుకుంటే మొదలుపెట్టినవాడికి రుచి పోతుంది. అందుకని ఒకే రోజు, ఒకరి తర్వాత ఒకరిని, మధ్యలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే సందు లేకుండా, పదేసి నిమిషాలు విడిగా పిలవాలి. నవ్వేవాళ్లని ముందు, నాయకుణ్ణి చివర. ‘నువ్వు చేశావా లేదా’ అని నిలదీస్తే లేదంటారు. ‘ఆ అబ్బాయి బడికి రావడానికి భయపడుతున్నాడు, ఇది నువ్వు చూశావు, రేపటి నుంచి నువ్వేం చేస్తావు?’ అని అడగాలి. వాళ్లు చెప్పిన మాట రాసుకుని, వారం తర్వాత మళ్లీ పిలిచి చేశారా అని అడగాలి. ఆ రెండో పిలుపు లేకపోతే మొదటిది దండగ. క్లాస్ టీచరు ఒక్కరే ఒక్క పూటలో చేయగలిగిన పని ఇది.

ఇప్పుడు కష్టమైన భాగం, వాడు వాళ్లనే ఫ్రెండ్స్ అనడం. బాబు అబద్ధం చెప్పడం లేదు. వాడిని పేరు పెట్టి పిలిచేది, బండెక్కించుకునేది, పక్కన కూర్చోనిచ్చేది వాళ్లే కావచ్చు. బదులుగా డాన్సు వేయమంటారు, సిగరెట్లు తెమ్మంటారు, తోటలో మామిడికాయలు కోసుకు రమ్మంటారు. దొరికితే దొరికేది వీడే. వయసు పెరిగేకొద్దీ ఇది ముదురుతుంది. మద్యం షాపుకి పంపడం, వాడి పేరు మీద సిమ్ తీసుకోవడం, వాడి బ్యాంకు ఖాతాలో ఎవరిదో డబ్బు వేయించి తీయించడం. ఆ డబ్బు సైబర్ మోసంలోది అయితే పోలీసులు ముందు మీ గుమ్మంలోకే వస్తారు. దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 6,000 రూపాయలు అయ్యింది. ఒకటో తేదీ పొద్దున పింఛను ఇంటికి వస్తుంది, ఒకటో తేదీ సాయంత్రం ‘ఫ్రెండ్స్’ వస్తారు. నోటు పుస్తకంలో డబ్బు పోయిన తేదీలు నెల మొదటి వారంలోనే పడుతున్నాయేమో చూడండి.

‘వాళ్లు నీ ఫ్రెండ్స్ కారు’ అని మీరు చెబితే బాబుకి ఉన్న ఒక్కటీ లాక్కున్నట్టు ఉంటుంది, వాడు మీ దగ్గర దాచడం మొదలుపెడతాడు. దానికి బదులు, వాడే చూసి తేల్చుకునే గుర్తులు ఇవ్వండి. ఫ్రెండు తనదీ మనకి పెడతాడు. తీసుకున్నది తిరిగి ఇస్తాడు. వద్దంటే ఆగుతాడు. అమ్మకి చెప్పొద్దు అనడు. ఈ నాలుగింటినీ బొమ్మలుగా గీసి, ఆ రోజు ఎవరు ఏం చేశారో పక్కన టిక్కు పెట్టించండి. రెండు మూడు వారాలకి బాబే ‘వీడు ఇవ్వలేదు’ అంటాడు. అదే సమయంలో ఒక మంచి తోడు దొరకాలి, లేకపోతే ఖాళీ అయిన చోటికి మళ్లీ వాళ్లే వస్తారు. బడిలో తీరిగ్గా, నెమ్మదిగా ఉండే ఇద్దరు పిల్లల్ని టీచరు చూడాలి. వాళ్ల పని వాణ్ణి కాయడం అనుకోకూడదు, కలిసి ఒక పని చేయడం. మొక్కలకి నీళ్లు, సుద్దముక్కలు పంచడం, కబడ్డీలో స్కోరు రాయడం, ఏదైనా సరే. కలిసి పని చేస్తే జత కుదురుతుంది, జాలితో కుదరదు. జేబులో ఆ రోజుకి కావాల్సినంతే పెట్టండి, 10 రూపాయలు మించొద్దు. ఏటీఎం కార్డు, సిమ్, ఆధార్ మీ దగ్గరే ఉండాలి.

బాబుకి నేర్పేవి మూడే. చేయి ముందుకు చాపి, గట్టిగా ‘వద్దు’ అనడం. అక్కడ నుంచి కదిలి, మనం ముందే చెప్పిన మనిషి దగ్గరికి నడిచి వెళ్లడం. జేబులో ఉన్న ఎర్ర అట్టముక్క ఆ మనిషికి ఇవ్వడం. అట్ట ఇస్తే టీచరు ఏమీ అడగకుండా వాడితో కలిసి ఆ చోటికి వెళ్తారు, అది ముందే మాట్లాడుకున్న ఒప్పందం. మాటలు తడబడే పిల్లలకి ఈ అట్ట చాలా మేలు చేస్తుంది. ఏ సంగతికి అట్ట ఇవ్వాలో కూడా మూడే: కొడితే, వస్తువో డబ్బో లాక్కుంటే, బట్టల లోపల చేయి పెడితే. అన్నిటికీ ఇమ్మంటే టీచరు వారంలో విసిగిపోతారు.

రోజుకి ఐదు నిమిషాల చొప్పున కనీసం మూడు వారాలు సాధన చేయించండి. ఇంట్లో నేర్చుకున్నది బడిలో దానంతట అది రాదు, ఈ పిల్లల్లో అది పెద్ద ఇబ్బంది. అందుకని మొదటి వారం ఇంట్లో, రెండో వారం ఆదివారం పూట నిజంగా ఆటో ఎక్కే చోట, మూడో వారం బడి ఖాళీగా ఉన్నప్పుడు కుళాయిల దగ్గర చేయించండి. ప్రతిసారీ మీరే కాకుండా మేనమామ, పక్కింటి అక్క, భవిత కేంద్రం టీచరు, ఇలా మనుషుల్నీ మార్చండి. ఏడిపించినట్టు నటించేటప్పుడు నిజం తిట్లు వాడొద్దు, ‘నీ టోపీ ఇవ్వు’ లాంటి చిన్నదానితో చాలు.

మీ బాబు సంగతి వేరు గానీ, అక్షరాలు కూడబలుక్కోవడంలో, రాయడంలో మాత్రమే ఇబ్బంది ఉండి తెలివి మామూలుగా ఉన్న పిల్లలు ఉంటారు, అభ్యసన వైకల్యం అంటారు దాన్ని. వాళ్లకి జరిగేది సన్నని వేధింపు, ఎక్కువగా క్లాసులోనే. ముందు చెప్పకుండా లేపి బిగ్గరగా చదవమంటే పడే తడబాటు మీదే వెక్కిరింపు నిలబడుతుంది. ఏ పేరా చదవాలో ముందు రోజే చెప్పి పంపితే సగం తగ్గుతుంది.

బడి బయట సంగతి వదిలేస్తే ఇదంతా నిలబడదు. మన పల్లెల్లో రచ్చబండ దగ్గర, టీ అంగడి దగ్గర, తిరునాళ్లలో పెద్ద వయసు మగవాళ్లే ఇలాంటి పిల్లల్ని పిలిచి ‘పెళ్లెప్పుడురా నీకు’ అంటారు, బీడీ ముక్క చూపించి గంతులేయిస్తారు. వాళ్లకి అది కాలక్షేపం, ప్రేమ అని కూడా అనుకుంటారు. పిలకాయలు నేర్చుకునేది అక్కడే. ఊళ్లో నలుగురు వినే మనిషిని, మామయ్యో పెదనాన్నో వరసయ్యేవాళ్లని పట్టుకుని, ఆ అంగడి దగ్గర ‘వాడి జోలికి పోవద్దప్పా’ అనిపించండి. మీరు వెళ్లి పోట్లాడే దానికన్నా ఆ ఒక్క మాట ఎక్కువ పనిచేస్తుంది.

పోలీసుల దాకా వెళ్లాల్సి వస్తే ఏం ఆశించవచ్చో తెలిసి వెళ్లండి. దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం, నలుగురి కంట పడే చోట వైకల్యం ఉన్న మనిషిని కావాలని అవమానించినా, బెదిరించినా, అవమానించాలని చేయి చేసుకున్నా 6 నెలలకు తగ్గకుండా 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. 18 దాటినవాళ్ల మీద, అంటే ఆటో డ్రైవరో, బడి మానేసి బయట తిరిగే కుర్రాళ్లో అయితే, ఈ సెక్షన్ పెట్టమని పేరు చెప్పి అడగండి. చేసింది 18 లోపు పిల్లలే అయితే, మరీ ఘోరమైన నేరం కానప్పుడు బాల న్యాయ చట్టం నిబంధనల ప్రకారం ఎఫ్‌ఐఆర్ కట్టరు. స్టేషన్లో రోజూ రాసే జనరల్ డైరీలో రాసి, ఆ పిల్లల కుటుంబ పరిస్థితుల మీద నివేదిక తయారుచేసి, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకి పంపుతారు. పెద్దవాళ్లతో కలిసి చేసి ఉంటే ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. ఇది తెలియక వెళ్లినవాళ్లు ‘పోలీసులు కేసు కట్టలేదు’ అని నీరుగారి వచ్చేస్తారు. డైరీలో ఎక్కడం కూడా పనికొచ్చేదే, దాని నంబరు తీసుకోండి. స్టేషన్లో పిల్లల వ్యవహారాలు చూసే అధికారి ఎవరో అడిగి వారితోనే మాట్లాడండి. వకీలు ఖర్చు గురించి వెనకాడొద్దు. పిల్లలకి, ఆడవాళ్లకి, వైకల్యం ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. ఫోన్ 15100.

బాబు మనసు కుదుటపడటానికి విడిగా సాయం కావాలి. వేధింపు ఆగిన తర్వాత కూడా నిద్ర, తిండి గాడిన పడటానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వానికి చెందిన దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం (సీఆర్‌సీ) ఉంది, సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ ఆధ్వర్యంలో నడుస్తుంది. అక్కడ చూపించండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక విభాగాలు ఉన్నాయి. రాత్రి పూట మీకే దిక్కు తోచకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

రెండు వారాల తర్వాత జరిగే సమావేశానికి ముందు రోజు చార్టు, బొట్టు బిళ్లలు మళ్లీ తీయండి. ఎరుపు మొత్తం పోకపోయినా తగ్గితే పద్ధతి సరిగ్గా నడుస్తున్నట్టు. కుళాయిల దగ్గర పచ్చబడి ఆటో దగ్గర ఎర్రబడితే వేధింపు చోటు మారింది, మనిషినీ అటు మార్చమని అడగాలి. నెలకోసారి ఇలా చూస్తూ పోండి. వచ్చే జూన్‌లో పదో తరగతికి వెళ్లేటప్పుడు క్లాస్ టీచరు మారతారు, ఈ ఏర్పాట్లేవీ ఆ కొత్తవారికి తెలియవు. బాబు ఎలా మాట్లాడతాడు, దేనికి భయపడతాడు, ఎర్ర అట్ట అంటే ఏమిటి, ఏ చోట్ల మనిషి ఉండాలి అన్నవి ఒకే పేజీలో రాసి, బడి తెరిచిన మొదటి వారంలోనే ఆయన చేతికి ఇవ్వండి. నకలు మీద సంతకం తీసుకోవడం మరవకండి.